జోజో చెట్లు

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు స్నానం చేసి వచ్చి కిటికీ దగ్గర కూచుని, వేలెడంత గాజుసీసా మూత తిప్పింది. సీసాలో లేత బంగారు రంగు నూనె. ఒక చుక్క తన చెంపకు రాసుకుని, ఇంకో చుక్క నా ముంజేతి మీద వేసింది.

"వాసన చూడవ్వా," అంది.

చూశాను. ఏ వాసనా లేదు.

"అదే దీని గొప్ప. వాసన రాదు, జిడ్డుండదు, ఎన్నేళ్ళున్నా పాడవదు," అని సీసా మీద పేరు చదివింది. ఆమె నోట్లో అది ఏదో దూరదేశపు పేరులా పలికింది. ఆ పేరు మా ఊళ్ళో ఎట్లా పలికేవాళ్ళమో చెప్పాలనిపించింది గానీ, చెప్పలేదు. చుక్క చర్మంలోకి మెల్లగా ఇంకిపోతుంటే చూస్తూ కూచున్నాను. ఆదోని ఎండ, వీధిలో ఆటోల చప్పుడు, వంటింట్లో కుక్కర్ కూత అన్నీ ఎక్కడికో పోయాయి. గుట్ట కింద ఎర్ర గరుసు నేల, దాని మీద బూడిద పచ్చ చెట్లు, వాటి మధ్య కొంగు నెత్తిన కప్పుకుని వంగి ఉన్న మా అత్త కనబడింది.

మా ఊరు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారికి లోపలగా ఉంటుంది. మాది దూదేకుల ఇల్లు. చలికాలమంతా నాయన ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేవాడు. వానలు పడితే సేద్యం. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆయన కనుబొమ్మల మీద, మీసాల మీద దూది పట్టి ఉండేది. అమ్మ గడప బయటే నిలబెట్టి తువ్వాలతో దులిపేది. ఎండకు వేడెక్కిన దూదికి ఒక వాసన ఉంటుంది, పొడిగా, కాస్త తియ్యగా. దాని వెనకే జొన్నరొట్టె కాలే వాసన, రోట్లో నూరుతున్న శెనక్కాయల ఊరిబిండి వాసన. మా ఇల్లంటే నాకు ముందు ఈ మూడు వాసనలే.

అత్త అంటే నాయనకు అక్క. ఆమెను ఎమ్మిగనూరులో ఇచ్చారు. మామ లారీల మీద పోయేవాడు. అత్త మగ్గాల ఇళ్ళకు నూలు కండెలు చుట్టేది. నాకు ఏడేళ్ళప్పుడు బళ్ళారి దారిలో లారీ బోల్తాపడి మామ పోయాడు. పిల్లలు లేరు. ఒక ఇనపపెట్టె, ఒక రాట్నం తీసుకుని అత్త మా ఇంటికి వచ్చేసింది.

వచ్చిన మొదటి ఏడు ఆమె మాట్లాడింది తక్కువ. అందరూ తిన్నాక తినేది. మూలన కూచుని బియ్యంలో రాళ్ళు ఏరేది, ఏరినవే మళ్ళీ ఏరేది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. ఆమె దగ్గరికొచ్చినప్పుడు అమ్మ గొంతు తగ్గించేది, నాయన బయటికి పోయేవాడు. ఆ నిశ్శబ్దమే ఆమెకు బరువుగా ఉండిందేమో.

ఆమె వేళ్ళ కొసలు పగిలి ఉండేవి. ఏండ్ల తరబడి నూలు రాసుకుని చర్మం గట్టిపడి, నెర్రెలు విచ్చింది. నా తల దువ్వేటప్పుడు ఆ నెర్రెల్లో వెంట్రుకలు చిక్కుకునేవి.

"నొప్పి పుట్టిందా పాపా?" అనేది.

"లేదత్తా."

"ఆముదం పూసుకుంటే మెత్తబడతాయి గానీ, ఆ జిడ్డు నూలుకంటుతాదని మగ్గాలోళ్ళు తిడతాండ్రి. పూసుకోకపోతే పోగు పట్టుకుంటాది. ఎట్లైనా తిట్లే," అని నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను నొప్పి లేదని చెప్పేదాన్ని.

నా ఎనిమిదో ఏట మా ఊరికి వ్యవసాయం సారు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొడుగు చంకలో పెట్టుకుని ఉండేవాడు. ఆయనది కృష్ణాజిల్లా అవతల ఎక్కడో. మా వీధరుగు మీద కూచుని మజ్జిగ తాగుతూ, మా భాష సగం అర్థంకాక, అర్థమైనట్టు తలూపేవాడు. ఒకరోజు జేబులోంచి గుడ్డమూట తీసి విప్పాడు. లోపల ముదురు గోధుమరంగు గింజలు. శెనగ్గింజ కంటే కాస్త పెద్దవి, నున్నగా ఉన్నాయి.

"రాజస్థాన్‌లో నా స్నేహితుడు పంపించాడు," అన్నాడు నాయనతో. "జొజోబా అంటారు. ఎడారి మొక్క. వాన లేకపోయినా బతుకుతుంది. గింజలో సగానికి సగం నూనె. అసలది నూనె కూడా కాదు, కరిగిన మైనం. ముఖానికి రాసుకునే క్రీముల్లో వాడతారు. ఒకప్పుడు ఇలాంటిదాని కోసం సముద్రంలో తిమింగలాలను చంపేవాళ్ళు, వాటి తలలో ఉంటుందని. ఇప్పుడీ గింజలో దొరికింది."

నాయన ఒక గింజ తీసుకుని కొరికి, ఉమ్మేశాడు. "తినేదానికి పనికిరానిది మాకేంటికి సారూ?"

"పిల్లల్ని తిననివ్వకండి. తింటే ఆకలి చచ్చిపోతుందంటారు. ప్రయోగంగా ఓ మూల వేసి చూడండి. ఏ నేలైనా ఫరవాలేదు, నీళ్ళు నిలవకూడదు, అంతే."

నాయన నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు లోపలి గడప దగ్గర నుంచి అత్త మాట వినబడింది. పరాయి మగవాళ్ళ ముందు ఆమె మాట్లాడటం నేను అదే మొదలు చూడటం.

"ముఖానికి పూసుకుంటే జిడ్డుంటాదా సారూ?"

"ఉండదమ్మా. చర్మంలోకి ఇంకిపోతుంది."

"బట్టకంటుతాదా?"

"ఆముదం అంటినట్టు అంటదు."

అత్త నాయన వైపు తిరిగింది. "గుట్ట కింద గరుసు నేల ఊరికే పడుండాది కదప్పా. ఆడ నేనేస్తా."

"ఆడ రాళ్ళు తప్ప ఏం మొలుస్తాయక్కా," అన్నాడు నాయన. అని, ఆమె ముఖం చూసి, "సరే. మూడేండ్లు సూస్తా. ఆ మీదట ఆముదాలు సల్లుతా," అన్నాడు.

ఆ గింజలు అరవై. నేనూ, అత్తా కలిసి నాటాం. మొలిచినవి నలభైకి పైనే. అవి పెరగడం మా ఓపికకు పరీక్షలా ఉండేది. ఏడాదికి జానెడు. ఆకులు మందంగా, తోలులా, రెండేసి చేతులు జోడించినట్టు పైకి నిలబడి ఉండేవి. జొజోబా అనే పేరు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. "జోజో చెట్లు" అన్నారు. అత్త వాటిని నిద్రపుచ్చుతోందని పొలాలకు పోయే ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

పొద్దున్నే లేచి వంకలో చెలమ తోడి, బిందెతో నీళ్ళు మోసి ఒక్కో మొక్కకు ఒక్కో చెంబు పోసేది. బడి లేని రోజుల్లో నేనూ చిన్న బిందెతో వెంట పోయేదాన్ని. దారిలో రేగిపండ్లు, తంగేడు పూలు. గుట్ట మీది బండలు పొద్దుటెండకు తేనెరంగులో ఉండేవి. సారు చెప్పిన తిమింగలం నా తలలోంచి పోలేదు. సముద్రాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ గుట్టే ఒక పెద్ద చేప అనీ, నేలలో మునిగి నిద్రపోతోందనీ, దాని తలలోని నూనెను మా చెట్లు వేళ్ళతో మెల్లగా తాగుతున్నాయనీ అనుకునేదాన్ని. మధ్యాహ్నం చెట్ల మధ్య నేల మీద చెవి ఆనించి పడుకుంటే గాలి చప్పుడు కింది నుంచి వచ్చినట్టుండేది.

"ఏం వింటాండావే?" అనేది అత్త.

"చేప ఊపిరి."

"ఏమంటాదది?"

"ఇంకా లేయలేదంట."

"పండుకోనీలే," అనేది అత్త, నిజంగానే గొంతు తగ్గించి.

రెండో ఏడు మేకలు పడి ఒక మూలంతా తినేశాయి. ఆ మేకలు మా పెద్దనాయనవి. కాయాల్సిన నేనూ, పెద్దనాయన కూతురూ చింతకాయలకు పోయాం. తిరిగొచ్చేసరికి మోళ్ళు మిగిలాయి. అత్త మమ్మల్ని కొట్టలేదు. మిగిలినవాటి చుట్టూ తుమ్మకంప కొట్టించి, మేమిద్దరం కంప మోసేట్టు చేసింది. చేతుల నిండా ముళ్ళు. సాయంత్రం సూదితో ఒక్కొక్కటీ తీస్తూ, "ఇప్పుడు తెలిసిందా వాటికెంత నొప్పి పుట్టిందో," అంది. మిగిలినవి ఇరవై రెండు.

సారుకు అప్పటికే బదిలీ అయింది. అప్పుడప్పుడు కార్డు రాసేవాడు. అత్తకు చదువు రాదు. కార్డు రాగానే నన్ను గడప మీద కూచోబెట్టుకుని చదివించుకునేది, రెండుసార్లు.

ఆ మూడేళ్ళలో ఆమె మారిపోయింది. అందరితో కలిసి తినేది. ఊళ్ళో ఆడవాళ్ళతో గట్టిగా మాట్లాడేది. రాత్రి అన్నాలప్పుడు నాయన కూడా "ఎట్లుండాయక్కా నీ జోజోలు?" అని అడిగేవాడు. ఆమె ఒక్కో చెట్టు సంగతీ చెప్పేది. ఏది చిగురేసింది, దేని ఆకు పండింది. అమ్మ నవ్వు ఆపుకుంటూ వినేది.

నాలుగో చలికాలం పూత వచ్చింది. ఒక తెల్లవారుజామున పొగమంచులో పోయి చూస్తే చాలా చెట్లకు పసుపుపచ్చ గుత్తులు. రేకులు లేని చిన్నచిన్న పూలు, వేలితో తాకితే పుప్పొడి రాలేది. అత్త చెట్టు చెట్టుకూ పోయి చూసింది. ఆమె కొంగు, మోచేతులు, చెంపలు పసుపుపొడి అయ్యాయి. పెళ్ళినాడు నలుగు పెట్టినట్టుంది ఆమెను చూస్తే. నాకు ఆమె అంత సంతోషంగా మళ్ళీ కనబడలేదు. ఇంటికొచ్చి అమ్మను, నాయనను లాక్కుపోయి చూపించింది. నాయన కాసేపు చూసి, "బాగానే పూసినాయే," అన్నాడు. మూడేళ్ళు దాటిపోయాయన్న మాట ఆయన ఎత్తలేదు.

ఆ వారమే సారుకు కార్డు రాయించింది నాచేత. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. అత్త చేతులు కడుక్కుని వచ్చి కూచుంది. నేను చదవడం మొదలుపెట్టాను. క్షేమసమాచారాలు, వానల సంగతి. ఆ తర్వాత ఇట్లా ఉంది. ఈ మొక్కల్లో మగవి, ఆడవి వేరువేరుగా ఉంటాయి, పసుపు గుత్తులు పూసేవన్నీ మగవి, అవి ఎప్పటికీ కాయవు, ఆకు మొదలు దగ్గర ఒక్కటే పచ్చమొగ్గ వేలాడితే అది ఆడది, ఆ చెట్లే కాస్తాయి, ఎన్ని ఉన్నాయో చూసి రాయండి.

నా కళ్ళు ముందుగా ఆ వరసల మీదికి పోయాయి. నోరు ఆగింది.

"ఏమే, నిలిపినావు?"

"అక్షరాలు అర్థంకాలేదు." అంతలో కింది వరసకు దిగి, "పూత వచ్చినందుకు సంతోషం, జాగ్రత్తగా చూసుకోండి అని రాసినాడత్తా," అని చదివేశాను.

"ఇంగోసారి సదువు," అంది.

రెండోసారి కూడా ఆ వరసలు దాటేశాను. కార్డును నా బడి పుస్తకంలో దాచాను. ఆమె ముఖం మీద ఆ పసుపు అప్పటికి ఇంకా నా కంట్లో ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రెండు నెలలు సాగింది.

పసుపు పూలు ఎండి రాలిపోయాయి. అత్త రోజూ కొమ్మలు తడిమి కాయల కోసం చూసేది. "ఇంగా టైముందేమో," అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు అడిగితే, "ఎడారి సెట్లు కదమ్మా, ఓపిగ్గా కాస్తాయి," అనేది. ఆ మాట ఆమె ఎవరితో అంటున్నా నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. అన్నం సహించేది కాదు. అమ్మ నాకు దిష్టి తీసింది.

ఎండాకాలం వచ్చేసరికి ఇరవై రెండింటిలో ఐదు చెట్లకు కాయలు కనబడ్డాయి. మిగతా పదిహేడు ఖాళీ. అత్త ఆ పదిహేడింటికీ రెండింతలు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. వంక ఎండిపోతే ఊరి బావి నుంచి మోసింది. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు సారు వచ్చాడు. ఆదోనిలో ఏదో పని మీద వచ్చి, అటునుంచి బస్సెక్కి, మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని నేరుగా చేలోకే వచ్చాడు. చెట్లన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చి బండ మీద కూచున్నాడు. అత్త కుండలోంచి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగలేదు.

"ఐదేనా అమ్మా?"

"మిగతావి వచ్చే ఏడు కాస్తాయేమో సారూ. నీళ్ళు పోస్తానే ఉండాను."

ఆయన చెంబు కింద పెట్టాడు. "అవి కాయవమ్మా. మగచెట్లు. మీ దగ్గర నేనొక మాట దాచాను. గింజ వేస్తే సగం మగవి వస్తాయనీ, పూసేదాకా ఏది ఏదో తెలియదనీ నాకు ముందే తెలుసు. చెబితే మీరు వెయ్యరనుకున్నాను. మీకు ఆడవి సగం కూడా రాలేదు. ఆ తర్వాత మనసొప్పక కార్డులో రాశాను."

అత్త నా వైపు చూసింది. "కార్డులో రాసినాడంటాడే?"

నేల చూస్తూ, "రాసినాడత్తా. నేనే సదవలేదు," అన్నాను.

"ఏంటికి?"

"నువ్వు సంతోషంగా ఉండావని."

ఆమె కోప్పడుతుందని, కొడుతుందని చూశాను. ఆమె చెట్టు పక్కన కూలబడినట్టు కూచుంది. ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"ఆయప్ప లారీ బోల్తాపడి పోయినాడని నాకు మూడు దినాలు సెప్పలేదు. ఆస్పత్రిలో ఉండాడు, బాగయితాడు అన్యారు. నేను మూడు దినాలు రొట్టెలు సేసి మూట గట్టిస్తాంటి ఆయప్పకని. అప్పటికే మట్టి సేసేసినారు. ఊరంతా తెలుసు. నేనొక్కదాన్నే రొట్టెలు సేస్తాండాను." "నాకు సెప్పకపోతే నాకు మంచిదని మీరంతా ఎట్లనుకుంటారప్పా? నేనంత సేతగానిదాని మాదిరి కనబడతానా?"

సారు తల వంచుకున్నాడు. నేను ఏడ్చాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు, పొమ్మననూ లేదు.

"ఇంగ మీద సెడ్డదేదన్నా ఉంటే నాకే ముందు సెప్పాల," అంది నాతో. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "సారూ, జరిగింది పోనీ. ఇప్పుడేం సేయల్ల, అది సెప్పు."

ఆయన ఆ సాయంత్రం బస్సు వదులుకున్నాడు. ఆడచెట్ల కొమ్మ కొసలు కోసి, ఇసుక కుండల్లో నాటి, తడి గోనెపట్టా కప్పడం చూపించాడు. ఆడచెట్టు కొమ్మ నుంచి వచ్చేది ఆడచెట్టే అవుతుందన్నాడు. పుప్పొడికి మగవి రెండు ఉంచి మిగతావి తీసేయమన్నాడు. అమ్మ ఆ రాత్రి ఆయనకు సజ్జరొట్టె, వంకాయకూర పెట్టింది. పొద్దున పోయేముందు ఆయన అత్తకు రెండు చేతులూ జోడించాడు. ఆమె తల ఊపింది, అంతే.

నాతో ఆమె పది రోజులు ముక్తసరిగా ఉంది. పదకొండో రోజు దువ్వెన తీసుకుని, "రా, తల సింపిరి జుట్టయింది," అంది.

ఆ ఏడు ఐదు చెట్ల గింజలు రెండు శేర్లయ్యాయి. గానుగాయన చూసి, ఇది గానుగ అడుగుకే చాలదన్నాడు. అత్త ఆముదం తీసినట్టే గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించింది. ఆముదం వండితే వీధి చివరి దాకా వాసన వస్తుంది. దీనికి కాస్త మాడిన పప్పు వాసన తప్ప ఏమీ రాలేదు. పైకి తేలినదాన్ని ఆమె చిప్పతో తీసి వడగడితే చిన్న సీసా నిండింది. గుట్ట మీది తేనెపట్టు మైనం కరిగించి కొంచెం అందులో కలిపింది. చల్లారాక అది వెన్నలా అయింది. ముందు తన వేళ్ళకు పూసుకుంది. కాసేపాగి, పెట్టెలోంచి ఒక పాత నూలు కండె తీసి దారం వేళ్ళ మధ్య లాగింది. పోగు ఎక్కడా ఆగలేదు. మళ్ళీ లాగింది. మా అందరికీ చూపిస్తూ మళ్ళీ మళ్ళీ లాగింది.

ఆ తర్వాత ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో ఆమె డబ్బీలు తిరిగాయి. కండెలు చుట్టేవాళ్ళు, అచ్చులో పోగులు అతికేవాళ్ళు బస్సు కండక్టరు చేత కబురు పంపేవారు. పాలిచ్చే తల్లులు తీసుకుపోయేవారు, మడమలు పగిలిన ముసలివాళ్ళు తీసుకుపోయేవారు. కొమ్మలు నాటిన చెట్లు కాపుకొచ్చేదాకా ఎవరికీ చాలేది కాదు. ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే ఒక ఆమె ఖాళీ డబ్బీ తెచ్చి, వాసన చూసుకుని, "దీనికి ఏ వాసనా లేదు గానీ నాకు మాత్రం నీ ఇంటి వాసన వస్తాదక్కా," అంది. అత్త ఆ మాట వచ్చే పండగ దాకా చెప్పుకుంది.

ఆ రోజుల్లోనే రంజాన్ నెలలో నేను మొదటి ఒక్కపొద్దు ఉన్నాను. పదమూడేళ్ళు. మా పెద్దనాయన కూతురు అప్పటికే మూడు ఉండి అందరి చేతా మెప్పు పొందింది. నేను తట్టుకోలేనేమోనని భయం వేసింది. సారు మాట గుర్తొచ్చింది. తెల్లవారకముందే తినే సహరికి లేచినప్పుడు జాడీలోంచి ఐదారు గింజలు తీసి నమిలి మింగాను. చేదుగా, వగరుగా ఉన్నాయి. పగలంతా నాకు ఆకలే కాలేదు. అమ్మ మురిసిపోయింది. నాయన ఆదోని నుంచి ఖర్జూరాలు తెచ్చాడు. పొద్దు గుంకింది, గుగ్గిళ్ళు, గంజి, ఖర్జూరాలు ముందు పెట్టారు. నేనొక ఖర్జూరం నోట్లో పెట్టుకుని మింగలేకపోయాను. మర్నాడు కూడా తిండి వాసన పడలేదు. అమ్మ భయపడింది. నేను అత్తను పక్కకు పిలిచి జరిగింది చెప్పేశాను. ఈసారి ఆలస్యం చేయలేదు.

అత్త నవ్వింది. చాలాసేపు నవ్వింది. నా నుదురు నిమిరి, "ఆకలి తెలీకుంటే అది ఒక్కపొద్దు ఎట్లయితాది పాపా? లెక్కకు రాదులే. ఇంగోటి ఉండు," అంది. మజ్జిగలో ఉప్పేసి తాగించింది. అమ్మకు మాత్రం పైత్యం చేసిందని చెప్పింది.

నేను చదువుకుని టీచరునయ్యాను. దేవనకొండ దగ్గర ఒక ఊళ్ళో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. అత్తకు యాభై ఐదు దాటాక కడుపునొప్పి మొదలైంది. కర్నూలుకు తీసుకుపోయి చూపించాం. డాక్టరు నన్నూ, నాయననూ లోపలికి పిలిచి, చేయగలిగింది ఏమీ లేదన్నాడు. నాలుగైదు నెలలు అన్నాడు. బయట బెంచీ మీద అత్త ఎవరి పిల్లనో ఒళ్ళో ఆడిస్తూ కూచుంది.

"అక్కకు సెప్పొద్దు," అన్నాడు నాయన మెట్ల మీద. "ఉన్నన్నాళ్ళు సంతోషంగా ఉండనీ."

ఊరికి వచ్చిన రెండో రోజు అత్తతో చేనికి పోయాను. గట్టు మీద కూచున్నాం. చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. మాట మొదలుపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి అంతా చెప్పాను.

ఆమె చేతిలో ఉన్న ఆకును సగానికి మడిచింది. "ఎన్నాళ్ళంట?"

"నాలుగు నెలలు. ఐదు కావచ్చు."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలుసు."

"పాపం వాడెట్ల మోస్తాండాడో," అంది.

ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది, కొద్దిసేపే. నేను ఆమె చేయి పట్టుకుని కూచున్నాను. పొద్దు వాలేటప్పుడు లేచి, "రేపు నీకు బడి ఉండాదా?" అని అడిగింది. సెలవు పెడతానన్నాను. "ఎమ్మిగనూరికి పోదాం పా," అంది.

బస్టాండులో దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆమెకు కారం పనికిరాదు. తింది. ఆమె కండెలు చుట్టిన ఇల్లు ఇంకా ఉంది. ఆమె ఈడు ముసలమ్మ ఒకామె మగ్గం పక్కన కూచుని ఉంటే, ఇద్దరూ భుజాలు ఆనించుకుని, మగ్గం చప్పుడు వింటూ మధ్యాహ్నమంతా కూచున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు గుర్తు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ మగ్గాల ఇంట్లోనే అత్త ఒక చీర ఏరుకుంది. వంగపండు రంగు, దానికి పచ్చ అంచు. అన్నేళ్ళు ఇళ్ళిళ్ళకూ నూలు చుట్టి ఇచ్చిన మనిషి, తనకోసం తను ఏరుకున్నది ఆ ఒక్కటే. మామ పోయినప్పటి నుంచి ఆమె కట్టినవన్నీ అమ్మ పాత చీరలు, వెలిసినవి.

మర్నాడు పొద్దున్నే కట్టుకుని బయటికి వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. నాయన చూసి తల తిప్పుకున్నాడు. మళ్ళీ తిరిగి చూసి, "బాగుందక్కా," అన్నాడు. అప్పుడే ఆయనకు అర్థమైందనుకుంటాను ఆమెకు తెలుసని. ఆ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూచుని శెనక్కాయలు ఒలుచుకుని తిన్నారు. నాయన చిన్నప్పుడు చేసిన దొంగతనాలన్నీ ఆమె మాకు చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు కూడా.

ఆమె వానలు మొదలయ్యేదాకా ఉంది. చివరి వారం తప్ప చేనికి పోవడం మానలేదు. ఆ తర్వాత నాయన కొన్నేళ్ళు ఆ చెట్లను చూసుకున్నాడు. ఆయన పోయాక గుట్టను కంకరకు ఇచ్చేశారు. లారీలు తిరగడానికి చేను దారి అయింది. ఇప్పుడు పోయి చూస్తే గుట్ట సగమే ఉంది. చెట్లు ఉండిన చోటు ఏదో నేను కూడా చూపించలేను.

ఆ చీరను అత్త మూడు నెలల్లో నలిగేదాకా కట్టింది. చేనికీ అదే, పెళ్ళిళ్ళకూ అదే. అంచున మట్టి మరక పడితే ఉతికి ఆరేసి, ఆరీ ఆరకముందే మళ్ళీ కట్టుకునేది. ఆ రోజు గట్టు మీద నేను నోరు విప్పకపోయుంటే ఆమె ఎమ్మిగనూరుకే పోయేది కాదు. ఎప్పుడైనా ఎవరైనా ఆమెకు అట్లాంటి చీర తెచ్చి ఇచ్చినా, మంచి రోజుకు కడతానని ఇనపపెట్టెలో అడుగున దాచిపెట్టి ఉండేది.